మంచె ఎక్కకుండా, నేల మీద మాటేసి విల్లుతో జింకను వేటాడటం ఎలా

అమెరికాలో విల్లుతో జింకను వేటాడేవాళ్లు చాలామంది చెట్టుకు పదిహేను, ఇరవై అడుగుల ఎత్తున ఒంటి మనిషి మంచె బిగించుకుని కూర్చుంటారు. ట్రీ స్టాండ్ అనేది దీన్నే. అంత ఎత్తున ఉంటే మూడు మేళ్లు: జింక చూపు సాధారణంగా అంత పైకి పోదు, ఒంటి వాసన చాలాసార్లు దాని తల మీదుగా వెళ్లిపోతుంది, విల్లు లాగే చేయి దాని కళ్లకు ఎదురుగా ఉండదు. నేల మీదికి దిగితే ఈ మూడూ పోతాయి. బదులుగా దొరికేవీ ఉన్నాయి. జారి పడి నడుం విరిగే భయం లేదు. గాలి మారితే లేచి వంద గజాలు జరిగి కూర్చోవచ్చు. బాణం నేలకు సమాంతరంగా వెళ్తుంది కాబట్టి రెండు ఊపిరితిత్తులూ పూర్తి వెడల్పున గురికి దొరుకుతాయి.

నేల మీద వేట తేలేది బాణం వదిలే క్షణంలో కాదు, విల్లు లాగే క్షణంలో. కింద చెప్పే పనులన్నీ, చోటు ఎంచుకోవడం దగ్గర్నుంచి కుర్చీ ఎత్తు దాకా, ఆ రెండు సెకన్ల కదలికను దాచడానికే.

ముందుగా చట్టం

ఇదంతా అమెరికాలోని తెల్లతోక జింక, అంటే వైట్‌టెయిల్ గురించి. భారతదేశంలో ఈ పని తలపెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ చుక్కల జింకైనా, కణుజైనా, కృష్ణజింకైనా వేటాడటం జైలుకు పంపే నేరం.

అమెరికాలో వేట నియమాలు రాష్ట్రానికొక తీరు. దాదాపు అన్నిచోట్లా ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. టెక్సస్‌లో అయితే 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు ఇది తప్పనిసరి. న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల విల్లు వేటకు విడిగా ఇంకో కోర్సు ఉంటుంది. ఆ తర్వాత లైసెన్సు, జింక ట్యాగు (కొట్టిన జింకకు కట్టే చీటీ). వీసా మీద ఉన్నవాళ్లకు తరచూ వచ్చే సందేహం ఒకటుంది: ఫెడరల్ చట్టం దృష్టిలో విల్లు తుపాకీ కాదు, కాబట్టి తుపాకీల విషయంలో వీసాదారులకు ఉన్న ఆంక్షలు దీనికి వర్తించవు. వేట లైసెన్సు మాత్రం అందరిలాగే తీసుకోవాలి. స్థానికుల ధరకు దొరుకుతుందా, బయటివాళ్ల ధర కట్టాలా అన్నది ఆ రాష్ట్రం నివాసాన్ని ఎలా లెక్కిస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. టెక్సస్‌లో ఆరు నెలలకు మించి వరసగా ఉంటున్నవాళ్లు స్థానికులే.

మీ రాష్ట్రపు ఈ ఏడాది నియమాల పుస్తకంలో నాలుగు సంగతులు వెతకండి. మేత పోసి జింకను రప్పించవచ్చా (టెక్సస్ ప్రైవేటు భూమిలో పోయవచ్చు, ఇల్లినాయ్, న్యూయార్క్‌లలో నేరం). ప్రభుత్వ అడవిలో మాటు గుడారాన్ని రాత్రి వదిలేసి రావచ్చా. విల్లుకు కనీస లాగుడు బరువు (నారిని పూర్తిగా లాగడానికి పట్టే బలం), ములికికి కనీస వెడల్పు ఎంత. మీరు వెళ్లే రోజుల్లో తుపాకీ సీజన్ కూడా నడుస్తోందా. నాలుగోదానికి జవాబు అవును అయితే నారింజ రంగు చొక్కా, టోపీ లేకుండా అడవిలో అడుగు పెట్టకండి. పొదలో కదిలే గోధుమరంగు బట్టల మనిషి దూరం నుంచి జింకలాగే ఉంటాడు. నారింజ రంగుతో జింక బెదిరిపోతుందన్న భయం అక్కర్లేదు. ఎరుపును పట్టే గ్రాహకాలు దాని కంట్లో లేవు, ఆ రంగు దానికి మసక పసుపులాగానో బూడిదలాగానో కనిపిస్తుంది. నీలం మాత్రం మనకంటే బాగా కనిపిస్తుంది. జీన్స్ ప్యాంటు ఇంట్లో వదిలి రండి.

విల్లు, బాణం

నేల మీద వేటకు పొట్టి విల్లు మేలు. కాంపౌండ్ విల్లు (కొసల్లో చక్రాలున్నది) అయితే ఆ రెండు చక్రాల ఇరుసుల మధ్య 28 నుంచి 32 అంగుళాలు సరిపోతుంది. పొడుగు విల్లు కింది కొస కూర్చున్నప్పుడు తొడకో, కుర్చీ కాలికో, నేలకో తగులుతుంది. అలా తగిలితే బాణం పక్కకు పోవడమే కాదు, ఆ చప్పుడుకే జింక మాయమవుతుంది.

లాగుడు బరువు ఎంత ఉండాలో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. నేల మీద కాళ్లు చాపుకుని కూర్చోండి. విల్లును గురికి ఎదురుగా పెట్టి, ఆకాశం వైపు ఎత్తకుండా, నడుం ఊపకుండా, నెమ్మదిగా నేరుగా వెనక్కి లాగండి. విల్లు పైకి లేచిందంటే ఆ బరువు మీకు ఎక్కువ. పైనా కిందా లింబు బోల్టులు (విల్లు రెక్కల్ని పట్టి ఉంచే మరలు) రెంటినీ సమానంగా తిప్పుతూ, తయారీదారు చెప్పిన హద్దులో, బరువు తగ్గించుకోండి. నిలబడి 65 పౌండ్లు సునాయాసంగా లాగేవాళ్లు కూర్చుని, చలికి బిగుసుకుపోయి, నాలుగు పొరల బట్టల్లో 55 లాగడానికే ఇబ్బంది పడతారు. పదునైన ములికి ఉంటే 50 పౌండ్లు జింకకు ధారాళంగా చాలు. ఇక్కడ పౌరుషానికి పోయేవాళ్లే ఎక్కువ జింకల్ని బెదరగొట్టుకుంటారు.

బాణం మొత్తం బరువు 400 నుంచి 500 గ్రెయిన్ల (సుమారు 26 నుంచి 32 గ్రాముల) మధ్య ఉంచండి. మరీ తేలిక బాణం వేగంగా పోతుంది గానీ విల్లు ఎక్కువ చప్పుడు చేస్తుంది. ములికి, అంటే బ్రాడ్‌హెడ్, స్థిరమైన రెక్కలున్నది మంచిది. గుడారం కిటికీకి వల వేసి దాని గుండా కొట్టేటట్లయితే తగిలాక విచ్చుకునే రకం అసలు వద్దు, అది వలకే విచ్చుకుని దారి తప్పుతుంది. సాధన చేసిన ములికి మొద్దుబారుతుంది. వేటకు తీసుకెళ్లేది వేరేగా, కొత్త రెక్కతో ఉండాలి.

చోటు ఎంచుకోవడం

సెప్టెంబరు, అక్టోబరుల్లో ఓక్ చెట్ల కింద వెతకండి. తెల్ల ఓక్ గింజల్లో వగరు తక్కువ, జింక ముందు వాటి దగ్గరికే వస్తుంది. ఎర్ర ఓక్ గింజలు వగరెక్కువ, అవి చలికాలానికి మిగులుతాయి. చెట్టు కింద చితికిన పెంకులు, తడి ఆరని పెంట, తిరగబడిన ఆకులు కనిపిస్తే ఆ చెట్టు దగ్గరికి ఇప్పుడే వస్తున్నాయని అర్థం. నవంబరు మొదటి సగంలో ఉత్తరాది రాష్ట్రాల్లో జోడు కట్టే కాలం ముదురుతుంది. అప్పుడు మగ జింకలు తిండి మానేసి ఆడవాటి వెంట తిరుగుతాయి కాబట్టి, మేసే చెట్టు కంటే రెండు గుబుర్లను కలిపే ఇరుకు దారి పనికొస్తుంది. టెక్సస్‌లో ఈ కాలం ప్రాంతాన్నిబట్టి ముందూ వెనకా అవుతుంది.

కొమ్ములు రుద్ది బెరడు లేచిన చెట్లు, గిట్టలతో గీరిన మట్టి మీద వంగిన కొమ్మ, ఇవి మగ జింక గుర్తులు. వాటిని చూడగానే అక్కడే కూర్చోవాలనిపిస్తుంది. తొందరపడకండి. వాటిలో చాలా వరకు రాత్రి పెట్టినవే. జింక పగలు పడుకునే గుబురుకు, మేసే చోటుకు మధ్య, గుబురుకు కాస్త దగ్గరగా ఉండే దారే వెలుతురు ఉండగా నడిచే దారి.

దారి మీద కూర్చోకూడదు. దారికి 15 నుంచి 20 గజాల దూరంలో, గాలి దారి నుంచి మీ వైపు వీచే పక్కన కూర్చోవాలి. అంతకంటే దగ్గరైతే విల్లు లాగడం కుదరదు, దూరమైతే మధ్యలో పుల్లలు అడ్డం వస్తాయి. ఇంకొకటి, మీ చోటికి రావడానికీ పోవడానికీ జింకల దారిని దాటక్కర్లేని తోవ ఉండాలి. అలాంటి తోవ లేకపోతే ఎంత మంచి చోటైనా వదిలేయండి. మూడో రోజుకు అది పాత చోటైపోతుంది.

గాలి

జింక కంటిని మోసం చేయవచ్చు, చెవిని ఒప్పించవచ్చు, ముక్కుతో బేరం లేదు. పది గజాల దూరంలో మనిషి కదలకుండా ఉంటే జింక చూసి కూడా మోడనుకుని మేస్తూ పోతుంది. అదే మనిషి వాసన ఒక్కసారి తగిలితే తోక పైకెత్తి పోతుంది, ఆ రోజుకు ఆ దిక్కున రాదు.

వాతావరణ యాప్ చెప్పే గాలి మీరు కూర్చునే చోట ఉండే గాలి కాదు. ఇరవై అడుగుల ఎత్తున గాలి కొంచెం నిలకడగా వీస్తుంది. నేల మీద అది ప్రతి మోడునూ, ప్రతి గట్టునూ చుట్టుకుని తిరుగుతుంది. అందుకే దాన్ని కంటితో చూడాలి. టాల్కం పొడి సీసా రెండు గజాల దాకా చూపిస్తుంది, అంతే. అక్కడి పొలాల గట్ల మీద పెరిగే మిల్క్‌వీడ్ కాయ కోసి జేబులో పెట్టుకోండి. మన జిల్లేడుకు చుట్టమే, అదే పాలు, అదే దూది. ఒక పోగు వదిలితే యాభై గజాల దాకా ఎటు తేలిపోతుందో, ఎక్కడ సుడి తిరుగుతుందో కనిపిస్తుంది. చోటు ఖాయం చేసుకునే ముందు ఒక ఉదయం, ఒక సాయంత్రం ఇలా వదిలి చూడండి.

కొండ వాలు అయితే ఎండతో కూడా లెక్క ఉంది. ఎండ తగిలి నేల వేడెక్కాక గాలి వాలు ఎక్కుతుంది. కాబట్టి పొద్దెక్కాక కూర్చునేవాళ్లు దారికి పై వైపున ఉండాలి. సాయంత్రం నేల చల్లబడగానే గాలి వాలు దిగుతుంది, అప్పుడు దారికి కింది వైపున ఉండాలి. తెల్లవారకముందు కూడా గాలి కిందికే దిగుతూ ఉంటుంది. పొద్దు పొడిచిన గంటకో, ఆలస్యంగానో తిరగబడుతుంది. ఆ తిరగబడే సమయంలోనే చాలా వేటలు చెడతాయి. వాగు అడుగున, రెండు కొండల మధ్య గుంటలో గాలికి దిక్కంటూ ఉండదు, అక్కడ నేల మాటు వేయకండి.

వాసన లేని సబ్బు, స్ప్రేలు కొంత పనిచేస్తాయి, గాలిని మాత్రం ఓడించలేవు. వాటికంటే మన ఇళ్లలో ముఖ్యమైనది ఇంకొకటి: వేట బట్టల్ని వంటింటి దరిదాపుల్లో ఆరేయకండి. ఇంగువ తిరగమోత వాసన ఉన్ని బట్టకు పడితే వారమైనా పోదు. బట్టలు మెరుపు పెంచే రసాయనాలు లేని సబ్బుతో ఉతికి, బయట ఆరేసి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, అడవి దగ్గర కారు దిగాక తొడుక్కోండి. ఆ మెరుపు రసాయనాలు అతినీల కిరణాల్లో మెరుస్తాయి, జింక కంటికి అది అందుతుంది. తలకు కొబ్బరినూనె కూడా ఆ ఒక్క రోజుకు మానండి.

మాటు కట్టడం

కొత్తవాళ్లు ముందు వైపు ఆకులు, కొమ్మలు దట్టంగా పేర్చి, వెనక ఖాళీగా వదిలేస్తారు. ఇది తలకిందుల పని. జింక గుర్తు పట్టేది వెలుతురు ముందు నల్లగా కనిపించే మనిషి ఆకారాన్ని. వెనక మీ భుజాలకంటే వెడల్పుగా, తలకంటే ఎత్తుగా ఏదైనా ఉంటే ఆకారం అందులో కలిసిపోతుంది. లావాటి మొదలు, వేళ్లతో సహా కూలిన చెట్టు, గుబురు సీడర్, ఏదైనా సరే. ముందు వైపు కొమ్మలు కూర్చున్న మనిషి రొమ్ము ఎత్తు దాకా చాలు. అంతకు మించితే మీరు కొట్టడానికే అడ్డం.

పని ఈ వరసలో చేయండి.

ముందు వెనక అడ్డాన్ని ఎంచుకుని, ఉదయమూ సాయంత్రమూ అక్కడ నీడ పడుతుందో లేదో చూడండి. మొహం మీద ఎండ పడే చోట ఎన్ని ఆకులు కప్పుకున్నా లాభం లేదు.

నాలుగడుగుల మేర నేల మీది ఎండుటాకులు, పుల్లలు మట్టి కనిపించేదాకా ఊడ్చేయండి. కాలు జరిపినప్పుడు ఒక్క ఆకు చిట్లినా చాలు. ఈ పనిని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

12 నుంచి 16 అంగుళాల ఎత్తు స్టూలు వేసుకోండి. కుడిచేత్తో లాగేవాళ్లు జింక వచ్చే దిక్కుకు ఎడమ భుజం ఉండేలా కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే కుడి పక్కకు అసలు గురి పెట్టలేరు.

విల్లు పట్టుకుని, లాగి, ఇటు నుంచి అటు తిరిగి చూడండి. కింది కొసకు, మోచేతికి తగిలే ప్రతి పుల్లనూ తీసేయండి.

చివరగా బాణం వెళ్లడానికి రెండు మూడు సందులు చేయండి. రోడ్డులా నరకనక్కర్లేదు, రెండడుగుల వెడల్పు చాలు. ప్రభుత్వ అడవుల్లో పచ్చి కొమ్మ నరకడం చాలాచోట్ల నేరం. అక్కడ ఎండుపుల్లలు పక్కకు నెట్టి, కొమ్మను తాడుతో వెనక్కి కట్టుకోండి.

ఆకుల సూట్లు వేసుకునేవాళ్లు విల్లు పట్టే చేతికీ, రొమ్ముకు అడ్డంగానూ బిగుతు పట్టీ కట్టుకోవాలి. వేలాడే ఒక్క గుడ్డ ఆకు వింటినారికి తగిలినా బాణం అడుగు దూరం తప్పుతుంది.

గుడారం మాటు, అంటే మడతపెట్టి తెరిచే పాప్-అప్ బ్లైండ్, కదలికను బాగా దాచుతుంది. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు ఇదే సరైనది. దీన్ని సీజన్‌కు రెండు మూడు వారాల ముందే పెట్టి, చుట్టూ కొమ్మలు కట్టి, జింకలకు అలవాటు చేయాలి. నిన్న లేని పెట్టె ఇవాళ కనిపిస్తే ముసలి ఆడజింక అర గంట సేపు దాన్నే చూస్తుంది. లోపల నల్ల చొక్కా, నల్ల ముసుగు, నల్ల చేతితొడుగు వేసుకోండి. ఆకుల చొక్కా ఆ చీకట్లో తెల్లగా కనిపిస్తుంది. వెనక కిటికీలన్నీ పూర్తిగా మూసేయండి, లేకపోతే మీరు వెలుతురు ముందు తోలుబొమ్మలా కనిపిస్తారు. ముందు రెండు కిటికీలు చాలు. కిటికీకి ఆనుకోకుండా వీలైనంత వెనక్కి కూర్చోండి, అయితే బాణం మొన కిటికీలోంచి బయటికి పొడుచుకు రాకుండా చూసుకోండి. నాలుగు మూలల మేకులతో పాటు పక్క తాళ్లు కూడా కట్టాలి. ఆ గుడ్డ గాలికి కొట్టుకుంటే ఊరంతా వినిపిస్తుంది.

గుడారంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. కంటికి ఎదురుగా కిటికీ తెరిచే ఉంటుంది, విల్లు మీది గురి పిన్ను జింక మీదే ఉంటుంది, బాణం మాత్రం కిటికీ కింది అంచు చీల్చుకుని నేలలో దిగుతుంది. కారణం, బాణం మీ చూపు గీతకంటే కొన్ని అంగుళాలు కింద నుంచి బయల్దేరుతుంది. కుర్చీ ఎత్తును కంటితో కాదు, బాణంతో కొలవండి. విల్లు లాగి పట్టుకున్నప్పుడు బాణానికీ కింది అంచుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. పక్కనున్న మనిషిని చూడమనండి.

సాధన

సెప్టెంబరుకు రెండు నెలల ముందు నుంచి నిలబడి కొట్టడం మానేసి, వేటకు తీసుకెళ్లే స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల మీద నిలబడి, వేట బట్టలు వేసుకునే కొట్టండి. గుడారం వాడేవాళ్లు పెరట్లో దాన్ని వేసుకుని, లోపలి నుంచే కొట్టాలి. రోజుకు వంద బాణాలు అక్కర్లేదు. ఉదయం లేచి వేసే మొదటి ఒక్క బాణం ఎక్కడ పడిందో రాసుకోండి. వేటలో మీకు దొరికేది ఆ మొదటి బాణమే. ఎంత దూరం నుంచి ఆ మొదటి బాణం పదికి పదిసార్లూ అన్నం పళ్లెంలో సగం వెడల్పున్న గుండ్రంలో పడుతుందో అదే మీ హద్దు. చాలామందికి అది 20 గజాలు. నేల మీద అది చాలు కూడా.

విల్లు లాగి నిమిషం పట్టి ఉంచడం, ఆ తర్వాత కొట్టడం కూడా సాధన చేయండి. 80 శాతం లెట్-ఆఫ్ (పూర్తిగా లాగాక తగ్గే బరువు) ఉన్న 55 పౌండ్ల విల్లును పట్టి ఉంచడానికి 11 పౌండ్ల బలమే కావాలి, కానీ నిమిషం గడిచేసరికి చేయి వణుకుతుంది.

కూర్చున్నాక

తెల్లవారడానికి ముప్పావు గంట ముందే కూర్చోవాలి. చాలా రాష్ట్రాల్లో పొద్దు పొడుపుకు అరగంట ముందు నుంచి, పొద్దు కుంకిన అరగంట దాకా మాత్రమే కొట్టనిస్తారు. వెలుతురు రాగానే రేంజ్‌ఫైండర్‌తో చుట్టూ నాలుగైదు చెట్ల దూరం కొలిచి గుర్తుపెట్టుకోండి. జింక వచ్చాక దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకునే తీరిక ఉండదు. బాణం నారికి ఎక్కించి, విల్లును మోకాలి మీద నిలువుగా ఆనించి, నారిని పట్టి వదిలే రిలీజ్ కొక్కెం తగిలించి ఉంచండి. జింక వచ్చాక మిగిలే కదలిక ఒక్కటే ఉండాలి, లాగడం.

జింక మొత్తాన్నీ వెతకకండి. చెట్లన్నీ నిలువు, జింక వీపు ఒక్కటే అడ్డం. అడ్డంగా ఉన్న గీతను, చెవి విదిలింపును, తెల్లటి గొంతును వెతకండి.

పురుగుల సంగతి ఇక్కడే. చెట్టు మీద కూర్చునేవాళ్లకంటే ఆకుల్లో కూర్చునేవాళ్లకు నల్లకాళ్ల పిడుదు బెడద ఎక్కువ, లైమ్ జబ్బు దాని నుంచే వస్తుంది. 0.5 శాతం పెర్మెత్రిన్‌ను ముందు రోజు బట్టల మీద, బూట్ల మీద కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. ఒంటికి రాయకండి, తడిగా ఉన్నప్పుడు పిల్లికి తగలనివ్వకండి. ఇంటికి రాగానే చంకలు, గజ్జలు, మోకాలి మడతలు వెతుక్కోండి.

విల్లు లాగడం

ఎప్పుడు లాగాలన్నది దాని కన్ను చెబుతుంది. దాని కన్ను మీకు కనిపిస్తోందంటే దానికి మీరు కనిపిస్తున్నారు. రెండు కళ్లూ తలకు పక్కలకు ఉండటంతో దాదాపు 300 డిగ్రీల మేర చూడగలదు, వెనక కొద్ది భాగమే గుడ్డి.

లాగడానికి మంచి అదను మూడే. దాని తల లావాటి చెట్టు వెనక్కి పోయినప్పుడు. మిమ్మల్ని దాటి, తల అటు తిప్పి నడుస్తున్నప్పుడు. గాలికి అడవంతా ఊగుతుండగా అది తల వంచి మేస్తున్నప్పుడు. మూడోది అనుమానపు అదను. జింక తల వంచినట్టే వంచి చటుక్కున ఎత్తుతుంది. తల వంచగానే లాగకండి. మూతి ఆకుల్లో కదిలి, నమలడం మొదలెట్టాక, తోక ఒకసారి ఊపి తల మళ్లీ వంచాక లాగండి. గుంపుగా వస్తే మీరు కొట్టాలనుకున్న జింకను కాదు, మిగతావాటిని చూడండి. పట్టించేది ఎప్పుడూ పక్కనున్న ముసలి ఆడజింకే.

లాగేటప్పుడు ఒకే వేగంతో, గురికి ఎదురుగా, నేరుగా వెనక్కి. ఇందాకటి పరీక్ష పనికొచ్చేది ఇక్కడే. గబుక్కున లాగితే కదలిక, మరీ నెమ్మదిగా లాగితే వణుకు.

అది మీ వైపు తేరిపార చూసిందనుకోండి, ఉన్నవాళ్లు ఉన్నట్టే ఉండిపోండి. నేరుగా దాని కళ్లలోకి చూడకండి, రెప్పలు సగం వాల్చండి. కాలితో నేలను తట్టి చూస్తుంది, తల పైకీ కిందికీ ఆడిస్తుంది. మీరు కదులుతారేమోనని చేసే పని అది. కదలకపోతే చాలాసార్లు మళ్లీ మేతకు దిగుతుంది. బుస్సున ఊది తోక ఎత్తిందంటే ఆట ముగిసినట్టే.

లాగాక అది చెట్టు వెనకే ఆగిపోతే? పట్టి ఉంచండి. చేయి ఆగకపోతే, దాని కన్ను ఇంకా చెట్టు వెనక ఉండగానే దించండి. వణుకుతున్న చేత్తో, సగం కనిపిస్తున్న జింకను కొట్టకండి.

నడుస్తున్న జింకను నోటితో మెల్లగా ‘మే’ అని ఆపవచ్చు. తనంతట తానే ఆగితే నోరు మెదపకండి. చప్పుడు విన్న జింక బిగుసుకుని ఉంటుంది, నారి చప్పుడుకు కిందికి కుంగి ఉరుకుతుంది. లెక్క చూడండి: సెకనుకు 250 అడుగుల వేగంతో వెళ్లే బాణానికి 20 గజాలు వెళ్లడానికి సుమారు 0.24 సెకన్లు పడుతుంది. చప్పుడు 0.05 సెకన్లలోనే చేరుతుంది. మధ్యలో మిగిలే 0.19 సెకన్లు జింకవి. 30 గజాలైతే అది 0.28 అవుతుంది. ఆ కాస్త తేడాలోనే బాణం ఊపిరితిత్తుల మీదుగా ఖాళీగా పోతుంది. చెవులు నిక్కబొడుచుకున్న జింకను దూరం నుంచి కొట్టకూడదనేది ఇందుకే.

ఎక్కడ కొట్టాలి

పూర్తిగా పక్కకు నిలబడినప్పుడు, ముందరి కాలి వెనక గీత వెంట పైకి వచ్చి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర. కాస్త బెదిరి ఉంటే అంతకంటే రెండంగుళాలు కిందికి. వెనక భాగం మీ వైపుకు, తల అటు ఏటవాలుగా ఉంటే బాణం అవతలి ముందరి కాలి దగ్గర బయటికి వచ్చేలా ఊహించి గురి పెట్టండి. నేల మీద ఇది అన్నిటికంటే మంచి కోణం, దాని చూపు కూడా అటే ఉంటుంది.

ఎదురుగా గానీ, రొమ్ము మీ వైపుకు ఏటవాలుగా గానీ నిలబడితే వదలకండి. భుజం ఎముక, రొమ్ము ఎముక బాణాన్ని ఆపేస్తాయి, జింక గాయంతో పోతుంది. నేల మీద ఉన్నవాళ్లకు ఈ కోణాలే ఎక్కువ ఎదురవుతాయి, ఎదురైన ప్రతిసారీ చేయి ఉవ్విళ్లూరుతుంది.

మధ్యలో కొమ్మ ఉంటే ఒక చిట్కా. 30 గజాల పిన్నును జింక మీద పెట్టి, 20 గజాల పిన్ను ఎక్కడుందో చూడండి. 20 గజాల దూరంలో ఉన్న కొమ్మ మీద అది పడితే బాణం ఆ కొమ్మకే తగులుతుంది.

మంచె మీద నుంచి వేసిన బాణం జింకను దాటి నేలలో దిగుతుంది. నేల మీద నుంచి వేసింది అలాగే ముందుకు పోతుంది. దాని వెనక గట్టో, వాలో ఉందా, రెండో జింక ఉందా, దారి ఉందా అన్నది కూర్చునే రోజే తేల్చుకోవాలి.

కొట్టాక

బాణం తగిలిన చోటు, జింక చివరగా కనిపించిన చోటు, రెంటినీ ఏదో ఒక చెట్టుతో గుర్తుపెట్టుకోండి. వెంటనే లేవకండి. బాణం దొరికాక దాన్ని చదవండి. నురగతో గులాబీ రంగు నెత్తురు ఊపిరితిత్తులది. అరగంట ఆగి వెళ్లండి. చిక్కటి ముదురు ఎరుపు కాలేయానిది కావచ్చు, నాలుగు నుంచి ఆరు గంటలు. పచ్చటి జిగురు, దుర్వాసన ఉంటే కడుపు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. కడుపుకు తగిలిన జింక వంద, రెండు వందల గజాల్లో పడుకుంటుంది. తొందరపడి వెళ్లి లేపితే మైలు దూరం పోయి, చుక్క నెత్తురు లేకుండా మాయమవుతుంది.

నేల నుంచి కొడితే బాణం దూరిన కన్నం, బయటికొచ్చిన కన్నం రెండూ ఒకే ఎత్తున ఉంటాయి. లోపల నిండిందాకా నెత్తురు బయటికి రాదు, అందుకే మొదటి 30, 40 గజాలు జాడ పలచగా కనిపించవచ్చు. తగల్లేదని అనుకోకండి. దొరికిన ప్రతి చుక్క దగ్గరా టిష్యూ కాగితం ముక్క పెట్టుకుంటూ, జాడను తొక్కకుండా పక్కన నడవండి. జాడ పక్కవాళ్ల భూమిలోకి దాటితే చాలా రాష్ట్రాల్లో యజమానిని అడిగాకే కంచె దాటాలి.

దొరికిన వెంటనే ట్యాగు కట్టి, రాష్ట్రం చెప్పిన పద్ధతిలో నమోదు చేయండి. చేతితొడుగులు వేసుకుని, కడుపు పేగు తెగకుండా లోపలివి తీసేయండి. ఎండ కాలపు సెప్టెంబరులో తోలు కూడా త్వరగా ఒలిచి ఐసు మీద పెట్టాలి, మాంసం 40 ఫారెన్‌హీట్ డిగ్రీల కిందికి దిగాలి. క్రానిక్ వేస్టింగ్ అనే జింకల జబ్బు మొదట 1967లో కొలరాడోలో కనిపించింది, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. మీ జిల్లాలో ఉంటే తల నమూనా ఇచ్చి, ఫలితం వచ్చాకే తినండి. మెదడు, వెన్నుపాము ఉన్న కళేబరాన్ని రాష్ట్రం దాటించడం చాలాచోట్ల నిషేధం, ఎముకలు తీసిన మాంసమే తీసుకెళ్లండి. స్నేహితులకు పంచవచ్చు, అమ్మకూడదు.

జింక కొవ్వు మేకకూర కొవ్వులా ఉండదు, నోట్లో మైనంలా పేరుకుంటుంది. కోసేటప్పుడే కొవ్వును, కండ మీది వెండి రంగు పొరను పూర్తిగా తీసేయండి. వీపు కండను పెనం మీద తక్కువ సేపు కాల్చాలి. పిక్క, మెడ కండల్ని కుక్కర్లో మేకకూర కంటే రెండు విజిల్స్ ఎక్కువ పెట్టి, నూనె కాస్త ఎక్కువ పోసి వండుకోవాలి.